బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌గా చేరిన మా బిడ్డకు

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి సర్దేయడం ఇష్టం లేక ఊరుకున్నాను. "పెద్దబాపూ, టెన్త్‌లో పదికి పది తెచ్చుకుంది, బీటెక్ చదివింది తారీఖు ముద్రలు కొట్టడానికా, ముసలోళ్ల వేలిముద్రలు తీసుకోవడానికా" అన్నావు. ఆ మాటలో కోపం కంటే దిగులే ఎక్కువ వినపడింది నాకు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నువ్వు కూడా ఈ నెల పెన్షన్ల హడావిడి అయిపోయాక కూర్చుని చదువు.

ముందు పైసల సంగతి. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు మూల జీతం నెలకు 12,000, దాని మీద కరువు భత్యం (డీఏ). గది కిరాయి, బండి పెట్రోలు, ఇంటికి పంపేది పోను చేతిలో ఏం మిగులుతుందో నాకు తెలుసు. మాదాపూర్‌లో నీ దోస్తులు తెచ్చుకునే జీతాల పక్కన అది తక్కువే, ఎవరేం చెప్పినా తక్కువే. పనిలో తృప్తి ఉంటే జీతం గురించి ఆలోచించనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకు, వాళ్లకు నెలాఖరు తిప్పలు తెలియవు. జీతం చాలకపోతే చదువు. మీలాంటి గ్రామీణ డాక్ సేవకులకు (జీడీఎస్) డిపార్ట్‌మెంట్ పరీక్షలున్నాయి, ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మ్యాన్, తర్వాత పోస్టల్ అసిస్టెంట్ (పీఏ), ఇవి కాక గ్రూప్స్ ఉంది, బ్యాంకు ఉంది. రాయి, తప్పకుండా రాయి. కానీ నువ్వు చెప్పుకున్న బాధలో జీతానిది సగమే. "సాయంత్రం తాళం వేశాక పొద్దున్నుంచి ఏం చేశానో ఒక్కటీ గుర్తుండట్లేదు" అన్నావు చూడు, అది నెలకు లక్ష తెచ్చుకునేవాళ్లకు కూడా ఉంటుంది. ఈ రెండు బాధలనూ కలిపేసుకుంటే ఒకదాని కోపం ఇంకోదాని మీద పడి, చదవాల్సిన పుస్తకమూ తెరవవు, చేస్తున్న పనీ మనసు పెట్టి చేయవు. నేను రాసేది ఆ రెండో సగం గురించి.

నాకు తెలిసింది ఒకటే. చేసిన పని ఎవరికి చేరుతుందో కళ్లతో చూసినవాళ్లకు ఆ పని గుర్తుంటుంది. చూడనివాళ్లకు ఎంత పెద్ద ఉద్యోగమైనా ఫైళ్లే మిగులుతాయి. నీ అదృష్టం ఏమిటంటే నీ పని చేరే మనిషి కౌంటరుకు అవతలే నిలబడి ఉంటుంది, తలెత్తి చూస్తే చాలు. జిల్లా ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఆ వీలు లేదు. దేశంలో లక్షా 60 వేలకు పైగా పోస్టాఫీసులుంటే పదింటిలో తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. పోస్టల్ డిపార్ట్‌మెంట్ అంటే చాలా ఊళ్లలో జనానికి కనపడేది నీ ముఖమే.

పెన్షన్ రోజులే తీసుకో. నీకు ఎక్కువ చిరాకు పుట్టించేవి అవే అన్నావు. మన జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు సగం మంది అవ్వలు బీడీలు చుట్టి బతికినవాళ్లు. తునికాకు కత్తిరించీ, చుట్టీ, దారం కట్టీ వాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ ఆ వేలిని గుర్తుపట్టదు. ఆమెకేమో తన పేరు కొట్టేశారేమోనని భయం. మిషన్ "మళ్లీ ప్రయత్నించండి" అన్నప్పుడల్లా ఆమె నీ ముఖం వంక చూస్తుంది, మిషన్ వంక చూడదు. నువ్వు అక్కడ "పడట్లేదు, రేపు రా" అన్నావంటే ఆ అవ్వకు రాత్రి నిద్ర ఉండదు. అదే "అవ్వా, నీ పేరుంది, పైసలు వచ్చినయి, వేలే సతాయిస్తుంది" అని ముందుగా చెప్పు. చేతులు కడుక్కుని, తుడుచుకుని రమ్మను. ఆ వేలు పడకపోతే ఇంకో వేలు చూడు, బొటనవేలు, ఉంగరం వేలు, ఎడమ చెయ్యి. ఏ అవ్వకు ఏ వేలు పడిందో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే వచ్చే నెల నీకే సగం టైమ్ మిగులుతుంది. నడవలేనివాళ్లు ఎవరో తెలుసుకుని వాళ్లను రద్దీ తగ్గాక మధ్యాహ్నం రమ్మను. ఆ 2,016 రూపాయలు బీపీ గోలీలకు, మనవడి బడి ఖర్చులకు, కిరాణం బాకీకి ముందే పంచేసి ఉంటాయి ఆమె లెక్కలో. పైసలు లెక్కపెట్టి చేతిలో పెట్టేటప్పుడు గట్టిగా, ఆమెకు వినపడేలా లెక్కపెట్టు. పక్కన కొడుకు నిలబడి చెయ్యి చాపినా సరే, ఆమె చేతిలోనే పెట్టు. ఇది రూల్ కూడా, మర్యాద కూడా.

ఇక ఎవరికీ కనపడని పని ఒకటుంది, నా దృష్టిలో అసలు ఉద్యోగం అదే. పాస్‌బుక్. ఒక ఆమె ఇడ్లీ బండి పెట్టుకుని నెలనెలా దాచుకునే ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) ఖాతాలో ఓ వంద, రెండు వందలు కడుతుంది. 60 నెలలు. ఆమెకు చదువు రాదు. నువ్వు మిషన్‌లో ఎక్కించావో లేదో, పుస్తకంలో అంకె సరిగ్గా వేశావో లేదో ఆమెకు తెలిసే దారి లేదు. చేతిలో పైసలు పెట్టి వెళ్లిపోతుంది. అంత నమ్మకం మన చుట్టాలు కూడా మన మీద పెట్టరు. పైసలు తీసుకుని పాస్‌బుక్‌లో ముద్ర కొట్టి లెక్కలో మాత్రం ఎక్కించని వాళ్ల గురించి నా సర్వీసులో విన్నాను, ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఆఫీసు ముందు కూర్చుని ఏడ్చిన సంగతులూ విన్నాను. అలాంటి ఒక్క ఊరు చాలు, చుట్టుపక్కల పది ఊళ్లు పోస్టాఫీసు మొహం చూడవు. కాబట్టి ఎంత రద్దీ ఉన్నా సరే, పైసలు అందుకున్న వెంటనే ఎంట్రీ చెయ్యి, రశీదు చేతికివ్వు, పుస్తకంలో రాసి "ఇప్పటికి ఇంత అయింది అక్కా" అని చదివి వినిపించు. నెట్‌వర్క్ లేదని, తర్వాత చేస్తానని చీటీ మీద రాసుకుని పైసలు దగ్గర పెట్టుకోకు, ఒక్కసారి కూడా వద్దు. సాయంత్రం గల్లాలో ఉన్నదీ, లెక్కలో ఉన్నదీ రూపాయితో సహా కలిసినప్పుడు ఒక నెమ్మది ఉంటుంది. దాన్ని నేను రిటైర్ అయ్యేదాకా ప్రతి సాయంత్రం అనుభవించాను, ఎప్పుడూ పాతబడలేదు. నువ్వు ఆ పని హడావిడిగా ముగించి ఫోన్ అందుకుంటున్నావేమో అని నా అనుమానం. రెండు నిమిషాలు ఆగి ఆ అంకెలు చూడు. పొద్దున్నుంచి ఏం చేశానో గుర్తుండట్లేదు అన్నావు కదా, అందులోనే ఉంటుంది.

కొన్ని పనుల ఫలితం నువ్వు చూడవు, ఆ సంగతి కూడా ముందే తెలుసుకుని ఉండు. ఆడపిల్ల పేరు మీద దాచే సుకన్య సమృద్ధి ఖాతా తెరుస్తావు. పిల్లకు పదేళ్లు నిండకముందే తెరవాలి, ఏడాదికి కనీసం 250, పదిహేనేళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు చేతికొస్తుంది. 2015లో ఆ పథకం మొదలైనప్పుడు చంకలో పిల్లతో వచ్చిన తల్లులకు నేను ఖాతాలు తెరిచాను. ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు, ఆ డబ్బు వాళ్ల చేతికి వచ్చేనాటికి నేనుంటానో లేదో. అయినా ఆ ఫారాలు నింపిన మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. అందులో తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు చూసుకోవడం ఎందుకంటే, ఆ తప్పు బయటపడేది 21 ఏళ్ల తర్వాత, అప్పుడు దిద్దేవాళ్లు దొరకరు.

"కొన్నేళ్లలో ఈ పని మొత్తం ఫోన్లోనే అయిపోతుంది, నేనెందుకు" అని కూడా అన్నావు. కొంత నిజమే. నేను చేరినప్పుడు మన ఊళ్లకు దుబాయ్, మస్కట్ నుంచి ఉత్తరాలు సంచులతో వచ్చేవి. రిజిస్టర్ పోస్టులో డ్రాఫ్టు వచ్చిందంటే ఆ ఇంట్లో పండగే. చదువు రాని ఆడవాళ్లకు ఉత్తరం చదివి పెట్టడం, వాళ్లు చెప్తుంటే జవాబు రాసి పెట్టడం కూడా పోస్ట్‌మ్యాన్ పనే అన్నట్టు ఉండేది, ఏ రూల్ బుక్‌లోనూ లేకపోయినా. ఇప్పుడు ఆ ఉత్తరాలు లేవు. టెలిగ్రామ్ 2013లో పోయింది. రిజిస్టర్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ రోజు నాకు కష్టంగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు. కానీ ఆ పనులు పోయినంత మాత్రాన నేను వాటిలో పెట్టిన ఏళ్లు వృథా అని ఏ రోజూ అనుకోలేదు. ఆ ఉత్తరాలు అందుకున్నవాళ్లు ఇప్పటికీ బజార్లో ఆపి మాట్లాడతారు. రేపు వేలిముద్ర మిషనూ పోతుంది, ఇంకేదో వస్తుంది. చదవరానివాళ్లు, భయపడేవాళ్లు, కొత్త పద్ధతి అర్థం కానివాళ్లు మాత్రం ఉంటూనే ఉంటారు, వాళ్లకు ఓపికగా చెప్పేవాళ్లు ఒకరు కావాలి. గల్ఫ్ పోయే పిల్లవాడి పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్టులో ఇంకా నీ ఆఫీసుకే వస్తుంది కదా. అది చేతికిచ్చేటప్పుడు వాడి తల్లి ముఖం చూడు.

టార్గెట్ల గురించి కూడా రాయాలి, ఎందుకంటే తృప్తిని తినేసేది అదే. గ్రామీణ పోస్టల్ జీవిత బీమా (ఆర్పీఎల్ఐ) చెయ్యి, పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు (ఐపీపీబీ) ఖాతాలు తెరువు, ఈ నెల ఇన్ని అని వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తూనే మెసేజ్‌లు. టెన్షన్ ఉంటుంది, కాదనను. నువ్వు ఒక గీత గీసుకో. ప్రీమియం కట్టగలిగే మనిషికి, అక్కర ఉన్న మనిషికి పాలసీ గురించి మనస్ఫూర్తిగా చెప్పు, పొలం పనులకు పోయే మనిషికి బీమా మంచిదే. మూడు నెలలు కట్టి ఆపేస్తారని తెలిసినవాళ్ల చేత మాత్రం సంతకం పెట్టించకు. నీ అంకె ఆ నెల బాగుంటుంది, తర్వాత వాళ్లు నిన్ను చూసి రోడ్డు దాటి అవతలికి పోతారు. అదే ఊళ్లో ఉండాల్సినదానివి నువ్వు. గ్రూపులో నీ పేరు కింద ఎర్ర గుర్తు పడితే ఒకరోజు బాధ. పై అధికారితో మాట్లాడేటప్పుడు గొణగకుండా, ఎవరెవరిని కలిశావో, ఎందుకు కుదరలేదో నోట్‌బుక్ చూసి చెప్పు. పని చేసినట్టు కనపడితే చాలామంది ఊరుకుంటారు.

ఇప్పుడు ఆఫీసు బయట సంగతి. నీ డ్యూటీ నాలుగైదు గంటలు. మిగతా రోజంతా గదిలో ఫోన్ పట్టుకుని దోస్తుల ఫొటోలు చూస్తూ ఉంటే ఎంత మంచి ఉద్యోగమైనా చేదవుతుంది. వాళ్లు క్యాంటీన్ ఫొటో పెడతారు గానీ రాత్రి పదకొండింటికి మేనేజర్ చేసిన కాల్ ఫొటో పెట్టరు కదా. పొద్దున ఆఫీసు తెరవకముందే రెండు గంటలు చదువుకో, సాయంత్రం చదువు మీద నమ్మకం పెట్టుకోకు, అప్పటికి మనిషి అలిసిపోతుంది. వంట చేసుకో, మ్యాగీతో కాలం గడపకు. నీకు చిన్నప్పుడు ముగ్గులంటే ప్రాణం, ఆ గది ముందు వాకిలి ఉంది కదా. అన్నీ ఉద్యోగంలోనే దొరకాలని కూర్చుంటే ఏ ఉద్యోగమూ సరిపోదు, కొంత వంటింట్లో దొరుకుతుంది, కొంత నలుగురితో కూర్చున్నప్పుడు దొరుకుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆ ఊళ్లోనే ఉండు. గునుగు, తంగేడు వాళ్లే తెచ్చిపెడతారు, నువ్వు పేర్చు. పోస్టాఫీస్ మేడంగా కాకుండా వాళ్లలో ఒకదానిగా ఒక్క సాయంత్రం ఆడి చూడు, మర్నాడు కౌంటర్ దగ్గర మాటలు ఎలా మారతాయో నువ్వే ఫోన్ చేసి చెప్తావు.

వదిలిపెట్టి పోవాలనిపిస్తే పో. మంచిది దొరికితే పోవడంలో తప్పేమీ లేదు, ఆ ఊరికి అన్యాయం చేస్తున్నానని కూడా అనుకోకు. అయితే పోయేదాకా "ఇది నా పని కాదు, నేను వేరేదాని కోసం ఆగి ఉన్నాను" అనుకుంటూ మాత్రం ఉండకు. అలా ఆగి ఉండటం అలవాటైపోతుంది. మన శాఖలోనే అలా ఆగి ఆగి రిటైరైనవాళ్లను చూశాను, ప్రమోషన్ వచ్చినా అక్కడ కూడా ఇంకోదాని కోసం ఆగారు. ఓ ఏడాది నేను చెప్పినట్టు చేసి చూడు. మనుషులను చూస్తూ, లెక్క సరిగ్గా కలుపుకుంటూ, పొద్దున చదువుకుంటూ గడిపాక కూడా నీకు లోపల ఏమీ అనిపించకపోతే అప్పుడు నాతో మళ్లీ మాట్లాడు, ఇంకో దారి ఇద్దరం కూర్చుని వెతుకుదాం. ఈ పని నీకు పడదని తేలితే అది నీ లోపం అనుకోవాల్సిన పనిలేదు.

సద్దుల బతుకమ్మ నాటికి ఇంటికి వచ్చేయి. నా పాత పోస్టల్ మాన్యువళ్లు, పీఏ పరీక్షకు పనికొచ్చేవి అటక మీద నుంచి దించి దులిపి పెట్టాను. చాలా రూల్స్ మారాయి కాబట్టి కొత్త సర్క్యులర్లు పక్కన పెట్టుకుని చదవాలి, ఎక్కడ మారిందో నాకు తెలిసినంతవరకు పెన్సిల్‌తో గుర్తు పెడుతున్నాను. బస్సులో మోయలేవు, సగం ఇప్పుడు, సగం సంక్రాంతికి తీసుకుపో. పెద్దమ్మ సకినాలు కూడా కడుతుందట, డబ్బా ఖాళీది తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు