మౌస్ అన్నయ్య చేతిలో ఉంది

ప్రశ్న: స్కూల్ చివరి ఏడాదిలో ఉన్నాను. గ్రాఫిక్ డిజైన్ సబ్జెక్టు తీసుకున్నాను. మూడు ప్రాజెక్టులతో ఫోలియో, అంటే నేను చేసిన పనులన్నీ కలిపిన ఫైల్, ఇవ్వాలి. అన్నయ్య నాకంటే ఏడేళ్ళు పెద్ద. నాన్న మంచాన పడ్డప్పుడు చదువు ఆపేసి ఉద్యోగంలో చేరాడు. వాడికి బొమ్మలంటే ప్రాణం. రాత్రి వచ్చి నా ఫైల్ తెరిచి ‘కాస్త సరిచేస్తానుండు’ అంటాడు. పొద్దున్నకి పోస్టరే మారిపోయి ఉంటుంది. నేను వేసినదానికంటే బాగుంటుంది కూడా. మొదటి రెండు ప్రాజెక్టులనూ టీచర్ మెచ్చుకున్నారు. ఇప్పుడేమో స్కెచ్ పుస్తకం చూపించమంటున్నారు. నా దగ్గర ఒక్క స్కెచ్ కూడా లేదు. పూర్తయిన డిజైన్లు చూసి, ముందే వేసినట్టు స్కెచ్‌లు ఎలా వేయాలి? అన్నయ్యకి చెబుదామంటే అమ్మ ‘వాడు నిద్ర మానుకుని చేసిపెడుతుంటే కాదంటావా’ అంటోంది. అసలీ సబ్జెక్టు నాకు సరిపోదేమో. ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్‌లలో ఏది ముందు నేర్చుకోవాలి?

జవాబు: దొంగ స్కెచ్‌లు ఎలా వేయాలో నేను చెప్పనమ్మా. చెప్పినా నీకు పనికిరాదు. జవాబు తెలిశాక వేసిన స్కెచ్‌లో తప్పుదారులు ఉండవు. నిజమైన స్కెచ్ పుస్తకంలో సగానికి పైగా పనికిరాని పేజీలే ఉంటాయి. కొట్టేసిన అక్షరాలు, సగంలో వదిలేసిన బొమ్మ, ‘ఇది బాలేదు, ఎందుకో తెలీదు’ అని మార్జిన్‌లో రాసుకున్న మాట. టీచర్ వెతికేది వాటి కోసమే. నువ్వు పది స్కెచ్‌లు వేసి, పదీ చక్కగా ఆ పోస్టర్ దగ్గరికే వచ్చి ఆగితే ఆవిడకు ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి రెండు ముక్కల్లో. ఫోటోలతో పనికి ఫోటోషాప్, లోగోలకూ గీతల బొమ్మలకూ ఇల్లస్ట్రేటర్. ఏది ముందు నేర్చుకున్నా ఫరవాలేదు. నీ కష్టం అక్కడ లేదు.

స్థలం చాలక పైన కుదించాను గానీ, నువ్వు పంపిన ఉత్తరం నాలుగు పేజీలు. అందులో డిజైన్ గురించి ఒక పేజీ, మిగతా మూడూ అన్నయ్యే. వాడు ఏ రోజు ఎన్నింటికి పడుకున్నాడో కూడా రాశావు. వాడు ఆపేసిన చదువు నువ్వు చదువుతున్నావన్న బాధ ప్రతి పేజీలోనూ ఉంది. ఆ బాధ వల్లే మౌస్ వాడి చేతికిచ్చి నువ్వు పక్కన కూర్చుంటున్నావు. నాన్న పడిపోయినప్పుడు ఇల్లు నిలబెట్టినవాడి రుణం ఇలా తీరుతోందని నీకు అనిపిస్తోంది కదూ?

తీరదమ్మా. ఇది మీ ఇద్దరికీ నష్టమే. నీ సంగతి నీకే తెలుసు: ఏడాది చివరికొచ్చినా ఒక పోస్టర్ మొదటినుంచి చివరిదాకా సొంతంగా చేయలేదు. వాడి నష్టం నువ్వు గమనించలేదు. నీ అన్నయ్య ఒళ్ళు వంచి చేసిన రెండు మంచి డిజైన్ల మీద ఇవాళ వాడి పేరు లేదు. వాటి గురించి ఎవరూ వాడితో మాట్లాడరు, మెచ్చుకోరు. బొమ్మలు వేయగలిగిన మనిషిని ఇంట్లో ఎవరికీ కనబడకుండా చేసి, దానికి సాయం అని పేరు పెట్టుకున్నారు మీరంతా. మీ అమ్మగారితో సహా. ఆవిడ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ కొడుకు నిద్ర మానుకుంటున్నాడని తెలిసిన తల్లి, కూతుర్ని నోరు మూసుకోమనే బదులు కొడుకుని పడుకోమనాలి.

సబ్జెక్టు నీకు సరిపోదేమో అన్నావు. ఆ మాటకి నేనొప్పుకోను. నీ ఉత్తరంలోనే ఒక చోట నేత్రదానం పోస్టర్ గురించి రాశావు. ‘మీ కళ్ళు’ పై వరుసలో, ‘మరొకరికి చూపు’ కింది వరుసలో. నువ్వు వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వదిలావు. అన్నయ్య దాన్ని తగ్గించి, ప్రొఫెషనల్‌గా ఉండాలంటే ఇంతే ఉండాలన్నాడు. నీకు ఇరుకుగా అనిపించినా, వాడికి తెలియదా అని ఊరుకున్నావు. అక్కడ నీ చూపే సరైనదమ్మా. ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్ లాంటి అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో దానంతటదే పడే వరుస ఎత్తు అక్షరం సైజులో 120 శాతం. ఇంగ్లిష్ అక్షరాలకు చాలావరకు సరిపోతుంది. తెలుగులో అక్షరం కింద ఒత్తు వేలాడుతుంది, కింది వరుస అక్షరాల నెత్తిన గుడి ఉంటుంది. ఖాళీ తగ్గిస్తే ‘ళ్ళు’ కింది ఒత్తు వచ్చి ‘రికి’ మీది గుళ్ళకు తగులుతుంది. దూరం నుంచి చూస్తే రెండు వరుసలూ ముద్దయిపోతాయి. నీ కంటికి ఇది ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తెలిసి కూడా నోరు విప్పలేదు.

స్కెచ్‌లు చూపించడం నామోషీ కాదు. 1931లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ లండన్ భూగర్భ రైళ్ళ పటాన్ని నోటు పుస్తకం కాగితాల మీద పెన్సిలుతో గీశాడు. స్టేషన్ల మధ్య అసలు దూరాలు వదిలేసి గీతలన్నీ అడ్డంగా, నిలువుగా, 45 డిగ్రీల వాలుగా పెట్టాడు. మొదట తిప్పి పంపేశారు. అచ్చయి జనం చేతికొచ్చింది 1933లో. ఆ నోటు పుస్తకం కాగితం ఇవాళ మ్యూజియంలో ఉంది. 1976లో మిల్టన్ గ్లేజర్ అనే డిజైనర్ ట్యాక్సీ వెనక సీట్లో కూర్చుని ఒక కవరు మీద ఎర్ర క్రేయాన్‌తో గీసిన ‘ఐ లవ్ న్యూయార్క్’ లోగో గీతలు కూడా మ్యూజియంలోనే ఉన్నాయి. ఎంత గజిబిజిగా ఉన్నా అవి వాళ్ళ చేతి గీతలు.

అన్నయ్యతో మాట్లాడాలి. కంప్యూటర్ ముందు వద్దు, ఫైల్ తెరిచి ఉండగా అసలే వద్దు. ముందు థాంక్స్ చెప్పకు. థాంక్స్‌తో మొదలుపెడితే చివరికి మళ్ళీ మౌస్ ఇచ్చేస్తావు, నీ తీరు చూస్తే నాకలాగే అనిపిస్తోంది. ‘మూడో ప్రాజెక్టు నేనే చేస్తాను, నువ్వు చూసి చెప్పు, మౌస్ ముట్టుకోవద్దు’ అని అను. వాడు నొచ్చుకుంటాడు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఓర్చుకో. తర్వాత ప్రింట్ తీసి గోడకు అంటించి, ఆరడుగుల దూరంలో వాడిని నిలబెట్టి, ‘ముందు ఏం కనబడింది’ అని మాత్రం అడుగు. ఎలా మార్చాలని అడగకు. వాడు చెప్పింది తేదీ వేసి పుస్తకంలో రాయి. పక్కనే నువ్వు దేనికి ఒప్పుకున్నావో, దేనికి ఒప్పుకోలేదో, ఎందుకో రాయి. టీచర్ అడుగుతున్న పుస్తకం అప్పుడు తయారవుతుంది. స్కెచ్‌లు అగ్గిపెట్టె సైజులో ఇరవై వేయి, పెద్దవి వేయకు. పెద్దది వేస్తే చెరపబుద్ధి కాదు.

మొదటి రెండు ప్రాజెక్టుల నిజం టీచర్‌కి నువ్వే చెప్పాలి. ఆవిడ కనిపెట్టేదాకా ఆగకు. మళ్ళీ చేసే అవకాశం అడుగు. ఇవ్వకపోవచ్చు, మార్కులు తగ్గచ్చు. తగ్గనీ. ఆ ఫోలియో పట్టుకుని రేపు ఏ డిజైన్ కాలేజీలోనో ఇంటర్వ్యూకి కూర్చుంటే, ‘ఈ రంగు ఎందుకు వాడావు’ అని అడుగుతారు. అప్పుడు అన్నయ్య వైపు చూడలేవు కదా.

ఆ రెండు డిజైన్లనూ పారేయొద్దు. అన్నయ్య పేరు రాసి ప్రింట్ తీసి ఇంట్లో గోడకు పెట్టు. వాడి కోసం ఒక ఖాళీ స్కెచ్ పుస్తకం కొనివ్వు. నీది కాదు, వాడిది. అందులో వాడు ఏం వేసుకుంటాడో వాడిష్టం.

ఈ రాత్రికి మాత్రం ఆ నేత్రదానం పోస్టర్ ఫైల్ నువ్వే తెరువు. రెండు వరుసల మధ్య ఖాళీని నువ్వు మొదట పెట్టినంతకు మార్చి సేవ్ చెయ్యి.