మేనకోడలికి: డిస్కు తుడిచేయకముందు చదవవలసిన ఉత్తరం

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు ల్యాప్‌టాప్‌లో ఉబుంటును, అంటే విండోస్‌లాగే యంత్రాన్ని నడిపే ఉచిత వ్యవస్థను, ఎవరి సాయమూ లేకుండా ఎక్కించావనీ, విండోస్‌ను కదపకుండా రెండింటినీ పక్కపక్కన నిలిపావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాట మీ అత్తయ్యకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అయితే వైఫై కనబడటం లేదనీ, అందుచేత ఆదివారం నాడు డిస్కంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తానంటున్నావనీ మీ అమ్మ చివర్లో అన్నది. ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్న జీడిపప్పు వ్యాపారం లెక్కలు ఆ డిస్కులోనే ఉన్నాయని నీకు గుర్తుందా?

వైఫై రాకపోవడం యంత్రం మొత్తానికి పట్టిన జబ్బు కాదమ్మా. లోపలి వైఫై చిప్పును నడిపించే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరో ఫర్మ్‌వేరో, దొరకకపోవడమే చాలాసార్లు కారణం. అదే పెన్‌డ్రైవు నుంచి పదిసార్లు ఎక్కించినా ఉబుంటు గుండెకాయలాంటి అదే కెర్నల్, అవే డ్రైవర్లు వస్తాయి కనుక ఫలితం మారదు. ముందుగా ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కిటికీలో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ (rfkill list) అని కొట్టి, విమానం బొమ్మ ఉన్న మీట పొరపాటున నొక్కుకుపోయి వైఫై ఆగిందేమో చూడు. ఆ తరువాత ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ (lspci) కొడితే చిప్పు ఎవరిదో, ఏ రకమో తెలుస్తుంది. ఆ పేరు కాగితం మీద రాసుకో. ఇంటర్నెట్ లేకుండా డ్రైవరు ఎలా దించుకోవాలని బెంగ వద్దు. ఫోనును కేబుల్‌తో కలిపి ఫోను ఇంటర్నెట్‌ను పంచే యూఎస్‌బీ టెథరింగ్ తెరిస్తే ల్యాప్‌టాప్ దానిని తీగ కనెక్షన్‌లాగే తీసుకుంటుంది. ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే చోట ఆ చిప్పుకు ఏదైనా చూపిస్తే ఎక్కించు. గుర్తింపు లేని సాఫ్ట్‌వేరును అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, మరుసటిసారి యంత్రం లేచేటప్పుడు నీలి తెర వస్తుంది. చాలామంది ఆ తెరను చూసి కంగారుపడి ‘కంటిన్యూ’ నొక్కేస్తారు, దానితో డ్రైవరు ఎక్కి కూడా పనిచేయదు. అక్కడ ఆ డ్రైవరు తాళంచెవిని యంత్రానికి నమోదు చేసే ‘ఎన్‌రోల్ ఎంఓకే’ (Enroll MOK) ఎంచుకుని, నీవు పెట్టిన పాస్‌వర్డే ఇవ్వాలి.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. నేను ఉత్తరం రాస్తున్నది వేరే సంగతి కోసం.

2009లో గంటస్తంభం దగ్గర నాకు చిన్న డీటీపీ దుకాణం ఉండేదని నీకు తెలుసు. ఉబుంటు సీడీలను ఆ రోజుల్లో అడిగినవారికి ఉచితంగా తపాలాలో పంపేవారు. నాకు సీడీ అందిన రోజు నేను పెళ్లికార్డుల పని కూడా పక్కన పడేశాను. ఇన్‌స్టాలర్ అడిగిన ప్రశ్నలలో ‘డిస్కు మొత్తం వాడుకో’ అని అర్థమిచ్చే ఒక వరుస ఉంది. ఖాళీగా ఉన్న చోటు మొత్తం కాబోలనుకుని దానినే ఎంచుకున్నాను. అరగంటలో ఉబుంటు అందంగా లేచింది. విండోస్ లేదు, దానితోపాటు డి డ్రైవూ లేదు.

ఆ డి డ్రైవులో ఒక విశ్రాంత తెలుగు మాస్టారి పదకోశం ఉంది. గెడ్డ, మదుము, కంబారి, బుగత వంటి మన ప్రాంతపు సేద్యపు మాటలను ఊరూరా తిరిగి చీటీల మీద రాసుకొచ్చి, నాలుగు నెలలపాటు సాయంత్రాలు నా పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క అర్థాన్నీ నోటితో సరిదిద్దారు. చీటీలు ఆయన దగ్గర ఉన్నాయి గాని, ఆ దిద్దుబాట్లు ఒక్క నా యంత్రంలోనే ఉన్నాయి. వేరే చోట నకలు లేదు.

తుడిచేయడం నా మొదటి తప్పు. అసలు తప్పు ఆ తరువాత చేశాను. అప్పటికి కొత్త సరుకు పడింది డిస్కులో కొంత భాగం మీదే. మిగిలిన చోట పాత ఫైళ్లు, చిరునామా చెరిగిపోయినా, ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడే స్విచ్చి కట్టేసి ఊరుకుని ఉంటే చాలావరకు బయటపడేవి. నేను ఊరుకోలేదు. భయంతో విండోస్‌ను మళ్లీ ఎక్కించాను, పేజ్‌మేకర్ ఎక్కించాను, ఫాంట్లు ఎక్కించాను, పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాములను కూడా ఆ డిస్కులోకే దించాను. తిరిగి తెద్దామని చేసిన ప్రతి పనీ దేనికోసం వెతుకుతున్నానో దాని మీదనే పడింది. చివరికి విశాఖపట్నంలో ఒకతని దగ్గరకు తీసుకువెళితే, దొరికిన ఫైళ్లన్నీ సగం సగం ముక్కలు.

మాస్టారికి ఎనిమిది రోజులు చెప్పలేదు. యంత్రం రిపేరులో ఉందన్నాను. ఆయన రోజూ వచ్చి స్టూలు మీద కాసేపు కూర్చుని, ‘ఇవాళ కూడా రాలేదా బాబూ’ అని అడిగి వెళ్లేవారు. నిజం చెప్పిన నాడు ఒక్క మాట అనలేదు, మరునాడు చీటీల సంచి పట్టుకుని వచ్చారు. రెండోసారి ‘బ’ దాకా వచ్చాక ఆయన కళ్లు సహకరించలేదు.

అందుచేత ఆదివారం ఏ పనికీ పూనుకోవద్దు. ఏదైనా పొరపాటు జరిగిందనిపిస్తే స్విచ్చి కట్టి నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే. మీ నాన్నకు కూడా ఆ పూటే చెప్పు; కేకలు వేస్తాడు, వేయనీ. యంత్రం లేచే తీరును నిర్ణయించే బూట్ సెట్టింగులను ముట్టుకునే ముందు, విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకో, లేకపోతే విండోస్ తలుపు తీయకపోవచ్చు. ఉబుంటు నుంచి చూస్తే డి డ్రైవులో ఏమీ రాయనివ్వడం లేదన్నావట. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే అది పూర్తిగా పడుకోదు, అందుకే అలా జరుగుతుంది. బలవంతంగా తెరవకుండా విండోస్‌లోకి వెళ్లి ఆ ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపు. విండోస్ గడియారం 5:30 గంటలు వెనక్కి నడవడం బ్యాటరీ లోపం కాదు. ఉబుంటు యంత్రం లోపలి గడియారాన్ని గ్రీనిచ్ కాలానికి మార్చుతుంది, విండోస్ దానిని మన కాలమే అనుకుంటుంది. కొత్త బ్యాటరీ కొనకు.

నేను శనివారం ఉదయం బండికి పలాస వస్తున్నాను. ఖాళీ హార్డ్ డిస్కు తెస్తాను. ముందు మీ నాన్న లెక్కలు దానిలోకి ఎక్కించి, అవి వేరే యంత్రంలో తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూసి, ఆ తరువాత నీ వైఫై సంగతి ఇద్దరం చూద్దాం. చిప్పు పేరు రాసిన కాగితం సిద్ధంగా ఉంచు. మీ అత్తయ్య కొత్తావకాయ పంపుతోంది, ఖాళీ జాడీ ఒకటి కడిగి ఆరబెట్టమని మీ అమ్మకు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య