అబుదాబి నిధి పెట్టిందని అప్పు చేసి ఇన్విట్‌ కొంటారా?

ప్రశ్న: నేను అబుదాబిలో ఉద్యోగం చేస్తున్నాను. మాది నిజామాబాద్‌ జిల్లా. జీతం 12,000 దిర్హామ్‌లు, అందులో బేసిక్‌ 7,000. అద్దెకు 3,500, తిండికీ రవాణాకూ 2,000, ఇంటికి 3,000 పోతాయి. చేతిలో 15,000 ఉన్నాయి. జీతం పడే బ్యాంకు 7.5% వడ్డీకి 48 నెలల గడువుతో 2 లక్షల దిర్హామ్‌ల పర్సనల్‌ లోన్‌ మంజూరు చేసింది. వచ్చే వారం సంతకం చేయాలి. ఆ డబ్బుతో మన దేశంలో ఏటా 10% పంచుతున్న పబ్లిక్‌ ఇన్విట్‌ (రోడ్లు, విద్యుత్‌ లైన్ల వంటి ఆస్తుల ఆదాయాన్ని పెట్టుబడిదారులకు పంచే ట్రస్టు) యూనిట్లు కొందామని ఉంది. గల్ఫ్‌ ప్రభుత్వాల పెట్టుబడి నిధులైన సావరిన్‌ ఫండ్లే ఇన్విట్‌లలో పెడుతున్నాయి, ఆ ఫండ్లకు పన్ను కూడా లేదంటున్నారు. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. సంతకం చేయకండి. ‘ప్రభుత్వ నిధులు కొంటున్నాయి కాబట్టి మనమూ కొందాం’ అనే ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ నిధుల సంగతి చూద్దాం. అబుదాబి ఇన్వెస్ట్‌మెంట్‌ అథారిటీ, సౌదీ పబ్లిక్‌ ఇన్వెస్ట్‌మెంట్‌ ఫండ్‌ కలిసి 2020లో జియో ఫైబర్‌ ఇన్విట్‌లో 7,558 కోట్ల రూపాయలు పెట్టిన మాట నిజం. అది ప్రైవేట్‌ ప్లేస్‌మెంట్‌, అంటే ఎంపిక చేసిన కొద్దిమందికే నేరుగా అమ్మడం. మీరు ఎక్స్ఛేంజీలో కొనబోయే ఇన్విట్‌ వేరు. పన్ను మినహాయింపు కూడా నిజమే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్‌ 10(23ఎఫ్‌ఈ) కింద 2020లో దాన్ని తెచ్చారు. పెట్టుబడికి గడువు మొదట 2024 మార్చి 31. దాన్ని 2025 మార్చికి, తర్వాత 2030 మార్చి 31కి పొడిగించారు. అంటే వేల కోట్లు పెట్టేవాళ్లు కూడా బడ్జెట్‌ ప్రసంగం వైపు చూస్తూ కూర్చోవలసిందే.

మినహాయింపు ఊరికే రాదు. నిధి పూర్తిగా విదేశీ ప్రభుత్వానిదై ఉండాలి. లాభంలో ఒక్క రూపాయి కూడా ప్రైవేటు వ్యక్తికి చేరకూడదు. మూసేస్తే ఆస్తులు ఆ ప్రభుత్వానికే దక్కాలి. పెట్టుబడి మూడేళ్లయినా కదపకూడదు. డబ్బు పెట్టిన సంస్థ రోజువారీ నడకలో వేలు పెట్టకూడదు. ఆ నిధి పేరును కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేయాలి. తర్వాత ఎప్పుడైనా షరతు తప్పితే, అప్పటిదాకా మినహాయించిన ఆదాయాన్ని తప్పిన ఏడాదిలోనే పన్నుకు లాగుతారు.

మీరు గమనించవలసిన షరతు ఇంకొకటి ఉంది. భారత్‌లో పెట్టుబడి కోసం ఆ నిధి నేరుగా గానీ పరోక్షంగా గానీ అప్పు తెచ్చి ఉండకూడదు. 2021 ఫైనాన్స్‌ చట్టంతో దీన్ని స్పష్టంగా రాశారు. వందల బిలియన్ల డాలర్లున్న నిధి కూడా అప్పు తెచ్చి పెడితే మినహాయింపు పోతుంది. 12,000 జీతం మీద 2 లక్షల అప్పు తెచ్చి వాటిని అనుకరించడమంటే పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. అప్పు మీద నడిచిన ప్రభుత్వ నిధి ఏమవుతుందో తెలియాలంటే మలేసియా 1ఎండీబీ చరిత్ర చదవండి. 2012, 2013ల్లో అది 6.5 బిలియన్‌ డాలర్ల బాండ్లు జారీ చేసింది. ఆ డబ్బులో చాలా భాగం దారి మళ్లింది. బాకీ మలేసియా ప్రజల నెత్తిన పడింది.

బయటి దేశాల్లోనూ ఈ నిధులకు చిక్కులు తక్కువేం కాదు. అమెరికాలో విదేశీ ప్రభుత్వాలకు సెక్షన్‌ 892 కింద పన్ను మినహాయింపు ఉన్నా, వాణిజ్య కార్యకలాపం నుంచి వచ్చే ఆదాయానికి అది వర్తించదు. యూరప్‌లో 2023 నుంచి, విదేశీ ప్రభుత్వాల సాయం పొందే సంస్థలపై సబ్సిడీల నిబంధనలు వచ్చాయి. ఎమిరేట్స్‌ ఇన్వెస్ట్‌మెంట్‌ అథారిటీకి మెజారిటీ వాటా ఉన్న టెలికాం సంస్థ ‘ఈ అండ్‌’, యూరప్‌ టెలికాం సంస్థ పీపీఎఫ్‌ టెలికామ్‌ను కొనబోతే, ‘ఈ అండ్‌’కున్న అపరిమిత ప్రభుత్వ గ్యారంటీని తీసేయాలన్న షరతుతోనే 2024లో యూరోపియన్‌ కమిషన్‌ అనుమతిచ్చింది.

ఇక మీ లెక్క. నెల వాయిదా దాదాపు 4,836 దిర్హామ్‌లు. బ్యాంకు చెప్పిన 7.5% తగ్గే బాకీ మీదా, లేక మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేసే ఫ్లాట్‌ రేటా అని అడిగారా? ఫ్లాట్‌ అయితే వాయిదా 5,400 దాటుతుంది. తగ్గే బాకీ మీదే అనుకుందాం. దిర్హామ్‌ 24 రూపాయల లెక్కన 48 లక్షలు పెడితే, 10% చొప్పున ఏడాదికి 4.8 లక్షలు, నెలకు 1,667 దిర్హామ్‌లు వస్తాయి. మిగతా 3,169 జీతం నుంచి కట్టాలి. మీకు నెలకు మిగిలేది 3,500. అంటే నాలుగేళ్లపాటు నెలాఖరుకు చేతిలో 331 దిర్హామ్‌లు.

పైగా ఆ 10% మొత్తం ఆదాయం కాదు. ఇన్విట్‌ పంపిణీలో వడ్డీ, డివిడెండ్‌తో పాటు ‘అప్పు అసలు తిరిగి చెల్లింపు’ అనే భాగం కూడా ఉంటుంది. పదిలో మూడు ఆ ఖాతాలో వచ్చాయనుకోండి, అది మీ డబ్బే మీకు తిరిగి రావడం. యూనిట్‌ కొన్న ధర అంతమేర తగ్గుతుంది, అమ్మినప్పుడు లాభం పెరిగి పన్ను పడుతుంది. అలాంటి చెల్లింపులు కలిపి ఇష్యూ ధరను (ట్రస్టు ఆ యూనిట్‌ను మొదట అమ్మిన ధర) మించితే, మించినదాన్ని ఆదాయంగా లెక్కిస్తారు. సావరిన్‌ ఫండ్లకు ఇందులోనూ మినహాయింపు ఇచ్చారు, మీకు లేదు. వడ్డీ భాగంపై ఎన్నారైగా మీకు సెస్‌తో కలిపి 5.2% టీడీఎస్‌. మిగిలిన ఏడులో అదీ పోతే, కట్టే 7.5% కన్నా వచ్చేదే తక్కువ.

దీనికి మారకం తోడు. దిర్హామ్‌ డాలర్‌కు కట్టి ఉంది. అప్పు దిర్హామ్‌ల్లో, రాబడి రూపాయల్లో. దిర్హామ్‌ 25.50కి చేరితే, యూనిట్‌ ధర పైసా తగ్గకపోయినా మీ 48 లక్షల విలువ 1,88,235 దిర్హామ్‌లే. బాకీ మాత్రం రూపాయి పతనాన్ని చూసి తగ్గదు.

నేను అసలు భయపడేది ఉద్యోగం పోయే నెల గురించి. యూఏఈ నిరుద్యోగ బీమా ఉంది కదా అంటారేమో. అది బేసిక్‌లో 60%, అదీ మూడు నెలలే. మీకు వచ్చేది 4,200, వాయిదాకే చాలదు. రాజీనామా చేసినా, వరసగా 12 నెలలు ప్రీమియం కట్టకపోయినా అదీ రాదు. అప్పిచ్చిన బ్యాంకులోనే జీతం, గ్రాట్యుటీ పడతాయి. బాకీ ఉంటే బ్యాంకు వాటిని పట్టుకుంటుంది. దేశాల డబ్బుకే ఈ గతి పట్టింది. మోల్డోవా వ్యాపారులతో వివాదంలో 2017లో కోర్టు ఉత్తర్వుతో కజకిస్తాన్‌ నేషనల్‌ ఫండ్‌కు చెందిన దాదాపు 22 బిలియన్‌ డాలర్లు ఆ నిధి ఆస్తులను భద్రపరిచే కస్టోడియన్‌ బ్యాంకులోనే స్తంభించాయి. తర్వాతే ఆ మొత్తాన్ని బాగా తగ్గించారు.

ప్రభుత్వ నిధుల నుంచి నేర్చుకోవాలనుకుంటే చిలీని చూడండి. రాగి ధర బాగున్న రోజుల్లో, 2007లో, స్థిరీకరణ నిధి పెట్టుకుంది. 2009 మాంద్యంలో దానిలోంచి దాదాపు 9 బిలియన్‌ డాలర్లు తీసి గట్టెక్కింది. మీకు కావలసింది అలాంటిదే. నెల ఖర్చు 8,500, ఆరు నెలలకు 51,000 దిర్హామ్‌లు. ఉన్న 15,000కు నెలకు 3,500 చేర్చితే పదకొండో నెలలో పూర్తవుతుంది. రెండు నెలల ఖర్చు 17,000 యూఏఈలోనే, కానీ మీ మీద ఏ బాకీ లేని వేరే బ్యాంకులో ఉంచండి. మిగతాది ఎన్నారై డిపాజిట్లలో, ఒకే ముక్కగా కాక లక్ష రూపాయల చొప్పున విడగొట్టండి. ఏడాది నిండకుండా ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ (ఎన్నారైలు విదేశీ సంపాదనను రూపాయల్లో దాచే ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌) తీస్తే వడ్డీ రాదు, అసలుకు ఢోకా ఉండదు. అవసరమైన ముక్క ఒక్కటే తీసుకోవచ్చు.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. ఇంటివాళ్లకు ఇక్కడ ఫ్లోటర్‌ (కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ), మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్‌ పాలసీ ఈ ఏడాదే తీసుకోండి. ఆ ప్రీమియంల వల్ల మీ ఆరు నెలల నిధి ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు.

ఈలోగా తొందరపడి లోన్‌ తీసేసుకుంటే, ముందస్తు చెల్లింపు చార్జీ బాకీలో 1%కి మించకూడదని అక్కడి సెంట్రల్‌ బ్యాంకు పరిమితి ఉంది. మీకు 2,000 దిర్హామ్‌లు, దానికి తోడు అప్పటిదాకా అయిన వడ్డీ. కట్టేసి బయటపడండి. ఇన్విట్‌పై ఇంకా మోజుంటే, నిధి నిండాక సొంత డబ్బుతో నెలకు వెయ్యి దిర్హామ్‌లకు మించకుండా కొనండి. అదీ గడిచిన నాలుగు త్రైమాసికాల పంపిణీలో వడ్డీ ఎంత, డివిడెండ్‌ ఎంత, అసలు ఎంత అన్నది ఎక్స్ఛేంజీ ప్రకటనల్లో విడివిడిగా చూసుకున్నాకే.