గుల్మార్గ్ వెళ్తున్నారా? గాగుల్స్ ముందు మబ్బు రోజు కోసం కొనండి

బెంగళూరు నుంచి ఫిబ్రవరిలో గుల్మార్గ్‌కు స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్తున్నానని, దుకాణంలో నలుపు, గులాబీ, పసుపు లెన్సులు చూపించారని, ఒకటే కొనాలంటే ఏది కొనాలని అడిగారు. గులాబీదే తీసుకోండి. నేనూ బెంగళూరులోనే ఉంటాను, కొన్నేళ్లుగా చలికాలంలో అక్కడికి వెళ్లి వస్తున్నాను. ఎండ కాస్తున్న రోజున లెన్సు కొంచెం లేతగా ఉంటే కళ్లు అలసిపోతాయి, అంతే. మబ్బు రోజున లెన్సు ముదురుగా ఉంటే పడిపోతారు.

మంచు మీద ఎత్తుపల్లాలు మనకు తెలిసేది వాటి నీడల వల్లే. మబ్బు కమ్మినప్పుడు వెలుతురు అన్ని వైపుల నుంచీ ఒకేలా పడుతుంది, నీడ ఉండదు. నేలా ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి. స్కీయర్లు దీన్ని ఫ్లాట్ లైట్ అంటారు. ఎదురుగా ఉన్నది మిట్టో గుంతో తెలియక, మోకాళ్లు వంచవలసిన చోట నిటారుగా వెళ్లిపోతాం. ఆ వేళ వచ్చే వెలుతురులో చెదిరిన నీలి కాంతి ఎక్కువ. గులాబీ, నారింజ, పసుపు ఛాయలు ఆ నీలాన్ని కొంత వడకట్టడంతో మిగిలిన కాస్త తేడా కంటికి బాగా ఆనుతుంది. బూడిద రంగు లెన్సు అన్ని రంగులనూ దాదాపు సమానంగా తగ్గిస్తుంది. మండే ఎండలో అది హాయిగానే ఉంటుంది కానీ, మంచు కురుస్తున్నప్పుడు ఉన్న కాస్త వెలుతురునూ తినేస్తుంది.

అయితే రంగు కంటే ముందు చూడవలసింది అంకె. కాంతిలో ఎంత శాతాన్ని లెన్సు లోపలికి రానిస్తుందో వీఎల్‌టీ పేరుతో పెట్టె మీద రాస్తారు. ఐరోపా ప్రమాణాల ప్రకారం ఎస్1 అంటే 43 నుంచి 80 శాతం, ఎస్2 అంటే 18 నుంచి 43, ఎస్3 అంటే 8 నుంచి 18. ఎస్4 అంతకంటే ముదురు, మీకు దానితో పని లేదు. ఒక్కటే కొంటే గులాబీ ఛాయలో 35 నుంచి 50 శాతం మధ్య ఉన్నది వెతకండి. దుకాణంలో ట్యూబ్‌లైట్ల కింద పెట్టుకుని చూసి నిర్ణయించకండి, అక్కడ ఏ లెన్సయినా ముదురుగానే తోస్తుంది. బయటి వైపు మెరిసే అద్దం పూత చూసి కూడా మోసపోవద్దు. పైకి నీలంగా, ఎర్రగా తళతళలాడే లెన్సు లోపలి ఛాయ వేరేగా ఉండవచ్చు. లోపలి నుంచి తెల్ల కాగితాన్ని చూస్తే అసలు రంగు తెలుస్తుంది.

లెన్సు ఎంత నల్లగా ఉంటే కంటికి అంత రక్షణ అనుకుంటారు చాలామంది. అతినీలలోహిత కిరణాలను ఆపేది లెన్సు పదార్థమూ పూతా. లేత లెన్సు కూడా, యూవీ400 అని రాసి ఉంటే, ఆ పని పూర్తిగా చేస్తుంది. ఇది అక్కడ చిన్న విషయం కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, గుల్మార్గ్ సుమారు 2,650. ప్రతి వెయ్యి మీటర్లకూ ఈ కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది. పైగా కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదికే కొడుతుంది. పలుచని మబ్బు వాటిని పెద్దగా ఆపలేదు. నాతో వచ్చిన ఒక మిత్రుడు నల్లటి ఎస్3 గాగుల్స్ తెచ్చుకున్నాడు. గొండోలా (కేబుల్ కార్) మొదటి దశ ముగిసే కొంగ్‌డూరి దగ్గర మంచు మొదలవగానే ఏమీ కనిపించక వాటిని నుదుటి మీదికి తోసేసి మధ్యాహ్నమంతా ఒట్టి కళ్లతో తిరిగాడు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లు మంట, ఆగని నీళ్లు. ఈ దెబ్బ తగిలిన కొన్ని గంటలకు గానీ బయటపడదు. అందుకే మబ్బులోనూ తీయకుండా పెట్టుకోగలిగిన లెన్సు కావాలంటున్నాను.

ఎండ రోజు సంగతి. మీ దగ్గర మూడో కేటగిరీ (ఎస్3) చలువ కళ్లద్దాలు ఉంటే, మొదటి రోజుల్లో కింది వాలుల మీద నెమ్మదిగా నేర్చుకునేటప్పుడు అవి సరిపోతాయి. గొండోలా రెండో దశలో అఫర్వాట్ కొండ వైపు, సుమారు 3,950 మీటర్ల దాకా వెళ్లే రోజు వస్తే అప్పుడు ఎస్3 లెన్సు కావాలి. లెన్సు మార్చుకునే వీలున్న గాగుల్స్‌కు ఇప్పుడే కాస్త ఎక్కువ పెట్టగలిగితే అది వృథా కాదు. మార్చేది గొండోలాలో కూర్చున్నప్పుడే, తడి చేతి తొడుగులతో వాలు మీద కాదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. దట్టమైన పొగమంచును ఏ లెన్సూ చీల్చి చూపించలేదు. ఛాయ చేసేది ఉన్న తేడాను పెంచడమే, లేనిదాన్ని పుట్టించడం కాదు. అఫర్వాట్ పైభాగంలో చెట్లు ఉండవు, చూపుకు ఆధారం దొరకదు. అలాంటి రోజున కిందికి, పైన్, ఫర్ చెట్ల మధ్య ఉన్న వాలులకు వచ్చేయండి. నల్లటి మానులు పక్కన కనిపిస్తుంటే నేల ఎటు వాలుతోందో కంటికి అందుతుంది. శిక్షకుడు ఆపమంటే ఆగిపోండి.

ఎండకు తానే ముదిరే ఫోటోక్రోమిక్ లెన్సులు బాగుంటాయి కానీ, చలిలో మళ్లీ లేతబడటానికి ఎక్కువ సేపు తీసుకుంటాయి. పోలరైజ్డ్ వద్దు. మెరుపును తగ్గిస్తూ గడ్డకట్టిన మంచు పలకల మెరుపునూ దాచేస్తుంది, కొత్తవారికి ఆ మెరుపే హెచ్చరిక.

చూపుకు కళ్లద్దాలు వాడుతున్నానని కూడా రాశారు కాబట్టి వాటి మీదే పెట్టుకునే ఓటీజీ రకం అడగండి. రెండు పొరల లెన్సు ఉండాలి, లేకపోతే ఆవిరి పట్టేస్తుంది. మీ కళ్లద్దాలను దుకాణానికి తీసుకెళ్లి, వాటి కాడలు కణతల మీద ఒత్తుకోకుండా ఉన్నాయో లేదో కాసేపు పెట్టుకుని చూడండి. లోపలి వైపు తడిస్తే తుడవకండి, అక్కడి పూత గీరుకుపోతుంది. దులిపి ఆరనిస్తే చాలు.