ఆట ఎన్నింటికో తెలియకముందే గది డబ్బు కట్టొద్దు

ప్రశ్న: మాది న్యూజెర్సీలోని ఎడిసన్. అబ్బాయి పెన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. నిరుడు మావారు, నేను, చిన్నమ్మాయి కలిసి ఆ యూనివర్సిటీ ఉన్న స్టేట్ కాలేజ్ అనే ఊళ్లో మూడు ఫుట్‌బాల్ ఆటలకూ, లాస్ ఏంజిలెస్‌లో ఒక ఆటకూ వెళ్లాం. 3,600 డాలర్లలో అయిపోతుందనుకుంటే 5,140 అయింది. మొదటి ఆటకు ఒక రాత్రికి 320 డాలర్లని గది చూస్తే, హోటల్‌వాళ్లు రెండు రాత్రులకు ముందే కట్టించుకున్నారు. తీరా ఆట మధ్యాహ్నం 12కే పెట్టారు, సాయంత్రానికే ఇంటికి బయల్దేరాం, శనివారం రాత్రి గది ఖాళీగా పోయింది. రెండోదీ పన్నెండుకే ఉంటుందని గది తీసుకోలేదు. అది రాత్రి 7:30కి మారింది, చివరి నిమిషంలో 290 పెట్టి గది తీసుకున్నాం. లాస్ ఏంజిలెస్ నుంచి శనివారం రాత్రి 9:40 విమానానికి మూడు బేసిక్ ఎకానమీ (చవకవి, మార్చుకోవడానికి కుదరనివి) టికెట్లు కొన్నాం. ఆట అక్కడి టైం ప్రకారం 4:30కి పెట్టడంతో విమానం వదులుకుని, ఆదివారానికి కొత్త టికెట్లు 720, ఆ రాత్రి గదికి 210 కట్టాం. మావారు ఈసారి టీవీలోనే చూద్దామంటున్నారు. నాకు మానాలని లేదు. ఏదైనా ఇన్సూరెన్స్ ఉందా?

జవాబు: ఇన్సూరెన్స్ సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది మీకు పనికిరాదు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ జబ్బు, ప్రమాదం, విమానం రద్దు లాంటి వాటికి డబ్బిస్తుంది. ఆట టైం మారడం ఆ జాబితాలో ఉండదు. క్రెడిట్ కార్డుతో వచ్చే బీమాదీ అదే దారి. ‘ఏ కారణానికైనా రద్దు’ అనే అదనపు కవరేజీ ఉంది కానీ అది కట్టిన డబ్బులో సాధారణంగా 50 నుంచి 75 శాతమే ఇస్తుంది. మొదటి పేమెంట్ చేసిన రెండు మూడు వారాల్లోపే దాన్ని కొనాలి. వెనక్కిరాని ఖర్చు మొత్తానికీ బీమా చేయాలి. బయల్దేరడానికి కనీసం 48 గంటల ముందు రద్దు చేసుకోవాలి. ఇవన్నీ పాటించినా, ప్రయాణం మానుకుంటేనే ఆ డబ్బు వస్తుంది. మీరు మానుకోవడం లేదు కదా, వెళ్లే తీరు మార్చుకుంటున్నారు. దానికి బీమా లేదు.

మీ 1,540 డాలర్లు దురదృష్టం వల్ల పోలేదు. ముహూర్తం పెట్టకుండానే కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టినట్టు, టైం తెలియని ఆటకు వెనక్కిరాని డబ్బు కట్టారు. టైం ఎప్పుడు తెలుస్తుందో తెలిస్తే, ఏది ముందు కొనాలో ఏది ఆపాలో అర్థమవుతుంది.

పెన్ స్టేట్ ఆడే లీగ్ పేరు బిగ్ టెన్. ఆ ఆటల్ని 2023 నుంచి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ చానళ్లు పంచుకుంటున్నాయి. తూర్పు అమెరికా టైంలో ఫాక్స్ ప్రధానమైన ఆట మధ్యాహ్నం 12కి, సీబీఎస్‌ది 3:30కి, ఎన్‌బీసీది రాత్రి 7:30కి. సీజన్‌లో మొదటి మూడు వారాల టైములు, శుక్రవారం ఆటలు, కొన్ని రాత్రి ఆటలు వేసవిలోనే చెప్పేస్తారు. మిగతావి ఆటకు 12 రోజుల ముందు, అంటే ముందు వారం సోమవారం ప్రకటిస్తారు. ఏ జట్టు గెలుస్తుందో చూసి మంచి ఆటను ఏరుకోవాలనుకున్నప్పుడు ఆ నిర్ణయాన్ని ఇంకా ఆపి, 6 రోజుల ముందు చెబుతారు. శనివారం ఆటలన్నీ అయ్యాక, ఆ రాత్రో ఆదివారమో తేలుతుంది. ఆట టికెట్ మీద తేదీ, సమయం మారవచ్చని రాసే ఉంటుంది కాబట్టి, టైం మారిందని డబ్బు వెనక్కి అడగడానికి లేదు.

(డాలస్, అట్లాంటాల్లో ఉండి పిల్లల్ని టెక్సస్ ఎ అండ్ ఎంలోనో జార్జియాలోనో చదివిస్తున్నవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. ఆ యూనివర్సిటీలు ఆడే ఎస్‌ఈసీ లీగ్ 2024 నుంచి ప్రతి ఆటా ఉదయం పూటా, మధ్యాహ్నమా, రాత్రా అన్నది సీజన్‌కు ముందే చెబుతోంది. ‘ఫ్లెక్స్’ అని పెట్టినవి మాత్రం మధ్యాహ్నమో రాత్రో తర్వాత తేలుతుంది. అక్కడా తేదీ మీద ఓ కన్నేసి ఉంచాలి. టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎం జట్ల ఆట 2024లో థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం జరిగితే, 2025లో శుక్రవారమే జరిగింది.)

ఇప్పుడు గది. ఎడిసన్ నుంచి స్టేట్ కాలేజ్ దాదాపు నాలుగు గంటల దారి. ఆట మూడున్నర గంటలు సాగుతుంది. సుమారు 40 వేల జనాభా ఉన్న ఊళ్లోకి లక్షమందికి పైగా వస్తారు కాబట్టి పార్కింగ్ నుంచి బయటపడడానికే గంట పడుతుంది. ఈ లెక్క మూడు టైములకూ వేసి చూడండి. 12 గంటల ఆటయితే తెల్లవారుజామునే ఇల్లు వదలాలి, లేదా శుక్రవారం రాత్రికి అక్కడ ఉండాలి. 3:30 ఆటయితే పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి అర్ధరాత్రి దాటేసరికి ఇల్లు చేరొచ్చు, గదే అక్కర్లేదు. 7:30 ఆటయితే పదకొండుకి అయిపోతుంది, శనివారం రాత్రికి గది కావాలి. అంటే ఒక్కో టైముకు ఒక్కో రాత్రి. మీ హోటల్ రెండు రాత్రులూ కలిపి అమ్మింది, మీకు అక్కరకొచ్చింది ఒక్కటే.

‘ఫ్రీ క్యాన్సిలేషన్’ అన్న మాట చూసి నమ్మేయొద్దు, గడువు ఎప్పటిదాకానో చూడండి. ఆటల వారాంతాల్లో కాలేజీ ఊళ్ల హోటళ్లు రద్దు గడువును ఆటకు 14 రోజుల ముందుకో 30 రోజుల ముందుకో జరుపుతుంటాయి. టైం 12 రోజుల ముందు తెలిసే ఆటకు 14 రోజుల గడువున్న గది ఉన్నా లేనట్టే, మీకు తెలిసేసరికి తలుపు మూసుకుపోతుంది. 6 రోజుల ఆటలనుంచి కూడా కాపాడాలంటే గడువు ఆటకు నాలుగైదు రోజుల ముందు దాకా ఉండాలి. అద్దె ఇళ్ల యాప్‌లలో ఈ నిబంధన ఇంటి యజమాని పెట్టుకుంటాడు కాబట్టి ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. ధర తర్వాత చూడొచ్చు, ముందు ఆ నిబంధన చదవండి.

అలాంటి గది ఊళ్లో దొరక్కపోతే ఊరు వదిలేయండి. శుక్రవారం రాత్రికి లూయిస్‌టౌన్, ఆల్టూనా, లాక్ హేవెన్ వైపు చూడండి. శనివారం రాత్రికి అయితే మీరు ఇంటికొచ్చే ఐ-80 హైవే మీదే, డాన్‌విల్, బ్లూమ్స్‌బర్గ్ దగ్గర తీసుకోండి. స్టేడియం నుంచి సుమారు గంటన్నర దూరం, ఎడిసన్ దారిలోనే. ఫుట్‌బాల్ వేడి అంతదూరం పెద్దగా ఉండదు కాబట్టి ఒక్క రాత్రికీ ఇస్తారు, ఒకటి రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకోనిచ్చే రేటూ దొరుకుతుంది. ఆటల తేదీలు వచ్చిన వారంలోనే శుక్రవారానికి ఒకటి, శనివారానికి ఒకటి, రెండు విడి విడి రిజర్వేషన్లు చేయండి. ఒకే రిజర్వేషన్‌లో రెండు రాత్రులు పెడితే ఒకటి తీసేసినప్పుడు రేటు మారే ప్రమాదం ఉంది. టైం తెలిసిన రోజే అక్కర్లేనిది రద్దు చేయండి. రద్దు గడువును ఫోన్ క్యాలెండర్‌లో ఒక రోజు ముందుగానే పెట్టుకోండి. రాత్రి ఆట తర్వాత మీరు హోటల్‌కు చేరేసరికి రెండవుతుంది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఆలస్యంగా వస్తామని చెప్పి పేరు రాయించుకోండి. లేకపోతే మీరు రాలేదని గది ఇంకొకరికి ఇచ్చేసి, మీ కార్డు మీద డబ్బు గీకేయొచ్చు.

విమానం విషయంలో మీరు చేసిన పొరపాటు బేసిక్ ఎకానమీ కొనడం కాదు, శనివారం రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోవడం. టీవీవాళ్లు చెప్పే టైములన్నీ తూర్పు అమెరికావి. 7:30 అంటే లాస్ ఏంజిలెస్‌లో 4:30, అయ్యేసరికి ఎనిమిది. స్టేడియం నుంచి కారు తీసి, ఆ ఊరి ట్రాఫిక్‌లో ఎయిర్‌పోర్టు చేరి, అద్దె కారు అప్పగించి 9:40 విమానం ఎక్కడం జరిగే పని కాదు. పశ్చిమ తీరంలో ఆటలు ఇంకా ఆలస్యంగా పెట్టే వారాలూ ఉంటాయి.

దీనికి రెండు దారులున్నాయి. మామూలు మెయిన్ క్యాబిన్ టికెట్ కొంటే పెద్ద విమానసంస్థలు మార్పు ఫీజు తీసుకోవు, ధరలో తేడా మాత్రం కట్టాలి. మనిషికి 60 డాలర్లు ఎక్కువనుకుంటే ముగ్గురికి 180, ఆపైన ఆఖరి వారంలో ధర తేడా ఎంతుంటుందో చేతుల్లో లేదు. రెండో దారి, బేసిక్ ఎకానమీయే కొని తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నానికి పెట్టడం. శనివారం రాత్రి గదికి 220 అవుతుంది. శనివారం ఆట ఏ టైముకు జరిగినా టికెట్ పనికొస్తుంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. వెసులుబాటు టికెట్‌లో కొనండి, లేదా అదనపు రాత్రి గదిలో కొనండి, రెండు చోట్లా కొనడం దండగ. మీ దగ్గర మైళ్లుంటే తిరుగు టికెట్ వాటితో తీసుకోండి. బేసిక్ రకం కాకపోతే రద్దు చేసినప్పుడు మైళ్లు చాలావరకు తిరిగి ఖాతాలో పడతాయి.

అమెరికా రవాణా శాఖ 24 గంటల నియమం చాలామందికి సగమే తెలుసు. విమానసంస్థ దగ్గరే నేరుగా కొన్న టికెట్‌ను, బయల్దేరడానికి కనీసం 7 రోజుల ముందు కొనుంటే, 24 గంటల్లో రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు ఇవ్వాలి. కొన్ని సంస్థలు దాని బదులు 24 గంటలు టికెట్ పట్టి ఉంచుతాయి. 12 రోజుల ప్రకటన వచ్చిన రాత్రి కొంటే ఈ రక్షణ ఉంటుంది. 6 రోజుల ప్రకటన తర్వాత కొంటే ఉండదు. 2024లో వచ్చిన ఆటోమేటిక్ రీఫండ్ నియమం కూడా మీకు వర్తించదు. దేశీయ విమానం 3 గంటలు, అంతకు మించి అటూ ఇటూ అయితేనో రద్దయితేనో అది పనిచేస్తుంది. మారింది విమానం కాదు, ఆట.

బడ్జెట్‌కు వద్దాం. నిరుటి 3,600లో ఉన్న 320 గదిని తీసేస్తే 3,280. మూడు హోమ్ ఆటలకు ఒక్కో గది 180 చొప్పున 540, లాస్ ఏంజిలెస్ అదనపు రాత్రికి 220 కలిపితే 4,040. నిరుటికంటే 1,100 తక్కువ, ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ మిగలదు. 3:30 ఆట పడ్డ వారం 180 మిగులుతుంది, దాన్ని పిజ్జాకు ఖర్చుపెట్టకుండా ఈ ఆటల డబ్బులోనే ఉంచండి. ఆగస్టుకల్లా ఈ 4,040 సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉండాలంటే డిసెంబరు నుంచి ఎనిమిది నెలలు నెలకు 505 పక్కన పెట్టాలి. మీవారికి ఈ కాగితం చూపించి ఒక్క ఒప్పందం చేసుకోండి. డబ్బు అయిపోతే చివరి ఆట టీవీలోనే. అత్యవసర నిధిని ముట్టుకోవద్దు.

ఆట టికెట్లలో కూడా కాస్త మిగుల్చుకోవచ్చు. చిన్న జట్టుతో మధ్యాహ్నం ఆటయితే రీసేల్ ధర ఆఖరి రోజుల్లో తగ్గుతుంటుంది, టైం తెలిశాకే కొనండి. పెద్ద ప్రత్యర్థితో రాత్రి ఆటయితే ధర పైకే పోతుంది, దాన్ని మాత్రం ముందే తీసుకోండి. మంచి సీట్ల హక్కు కోసం యూనివర్సిటీ క్రీడా విభాగానికి విరాళం ఇచ్చి, పన్నులో తగ్గించుకుందామని ఎవరైనా చెబితే వినకండి. 2018 పన్ను సంవత్సరం నుంచి ఆ విరాళానికి మినహాయింపు లేదు. అంతకుముందు 80 శాతం దాకా ఉండేది, ఆ పాత సలహా ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.

మీ లెక్కలో అసలు కనిపించని ఖర్చు ఒకటుంది. రాత్రి ఆట అయ్యాక గది డబ్బు మిగుల్చుదామని మధ్యరాత్రి ఐ-80 మీద నాలుగు గంటలు నడపడం. పెన్సిల్వేనియాలో జింకలు కార్లకు అడ్డంపడేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే సరిగ్గా ఫుట్‌బాల్ సీజన్‌లోనే. జింకను గుద్దితే కారు ఇన్సూరెన్స్‌లో ‘కాంప్రెహెన్సివ్’ కవరేజీ కింద వస్తుంది. దాన్ని తప్పించబోయి చెట్టునో రెయిలింగ్‌నో గుద్దితే అది ‘కొలిజన్’ కిందకు పోతుంది. డిడక్టిబుల్, అంటే రిపేరుకు ముందు మీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం, రెండింటికీ వేరుగా ఉండొచ్చు, చాలా పాలసీల్లో రెండోదే ఎక్కువ. సెప్టెంబరు లోపు మీ పాలసీ తీసి రెండు అంకెలూ చూడండి. డిడక్టిబుల్ 1,000 డాలర్లయితే బ్లూమ్స్‌బర్గ్‌లో 180 గది బేరమే.