పురుగుల మందు కేసు: బొమ్మ మీద నేర్చుకుంటే చేతులు ఆడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో ఉంది. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పీజీ చేసి, పురుగుల మందు తాగినవారికి వైద్యం చేయాలన్నది ఆమె కోరిక. కాలేజీలో బొమ్మల మీద నేర్పుతున్నారట. రేపు నిజమైన రోగి ముందు చేతులు ఆడతాయా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ఆడతాయండి. ముందు బొమ్మ మీద తడబడినవారికే రోగి దగ్గర ఆడతాయి.

ఈ మధ్య అలాంటి శిక్షణ ఒకటి దగ్గరుండి చూశాను. మంచం మీద మానికిన్. కనుపాపలు సూదిమొనంత. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల్లో గురగుర. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన కేసు అది. హౌస్ సర్జన్ విరుగుడు మందు అట్రోపిన్ మూడు ఆంపూళ్లు, అంటే 1.8 మిల్లీగ్రాములు ఇచ్చింది. ఐదు నిమిషాలకు తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేయాలి. ఆరు ఇచ్చింది. పన్నెండు దగ్గర ఆగిపోయింది. మానిటర్‌లో నాడి 120 దాటింది, కనుపాపలు విచ్చుకున్నాయి, ఇక చాలనుకుంది. ఊపిరితిత్తులు మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయి. చూస్తుండగానే ఆక్సిజన్ పడిపోయింది.

అది మనిషైతే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. బొమ్మ కాబట్టి అందరూ చర్చకు కూర్చున్నారు. ‘ఎందుకు ఆగావమ్మా?’ అని శిక్షణ ఇస్తున్న మేడమ్ నెమ్మదిగా అడిగారు. నాడి చూసి భయపడకూడదని, ఛాతీ శబ్దం తేటపడేదాకా ఇవ్వాలని ఆ అమ్మాయి తన నోటితోనే చెప్పింది. ఇక మరిచిపోదు. పారాక్వాట్ అనే గడ్డి మందు కేసులోనూ అంతే. అలవాటుగా ఆక్సిజన్ వైపు చెయ్యి వెళ్తుంది. అవసరం లేకుండా పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి.

హౌస్ సర్జన్సీ, నీట్ పీజీ, ఆపై మూడేళ్ల ఎండీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ: దారి మీకు తెలిసిందే. సీటు ఎంచుకునేటప్పుడు మాత్రం ర్యాంకుల పట్టిక ఒక్కటే చూడకండి. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఇలా బొమ్మల మీద నేర్పే స్కిల్ ల్యాబ్ తప్పనిసరి అయినా, తాళం తీయని ల్యాబులూ నేను చూశాను. విషం కేసుల అభ్యాసం ఎన్నాళ్లకోసారి జరుగుతుందో, నర్సులు కూడా పాల్గొంటారో లేదో, చివర్లో చర్చ ఉంటుందో లేదో సీనియర్లను అడగమనండి. చర్చ లేదంటే ఆ ల్యాబు పేరుకే.

హౌస్ సర్జన్సీలో ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ డ్యూటీలు వదులుకోవద్దనండి. బొమ్మకు భార్యాపిల్లలు ఉండరు. స్పృహ వచ్చిన రైతును తప్పుపట్టకుండా పలకరించడం అక్కడే వస్తుంది.