తీసేసే ముందు తెరిచి చూడు

అమ్మలూ,

సంక్రాంతి సెలవుల్లో ఊరి లైబ్రరీ వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటావట. పెద్దవాళ్ల ఫోన్లలో అక్కర్లేని యాప్‌లు, అవి వదిలిపోయిన ఫైళ్లు తీసిపెడతావట. అక్కయ్య చెప్పింది. నా మేనకోడలికి ఇలాంటి ఆలోచన వచ్చిందని ఆ పూటంతా కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రయ్యేసరికి మాత్రం టెన్షన్ మొదలైంది. నీకు ఫోన్ సంగతి బాగా తెలుసు. కానీ నీ ముందుకొచ్చే పెద్దవాళ్లలో చాలామందికి తమ ఫోన్లో ఏముందో తెలియదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు తేలిక విషయాలు. యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాని సొంత డేటా, క్యాష్ (త్వరగా తెరుచుకోవడానికి అది దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) ఆండ్రాయిడే తుడిచేస్తుంది. 'ఆండ్రాయిడ్' ఫోల్డర్లో డేటా, ఓబీబీ (ఆటల్లాంటి పెద్ద యాప్‌ల అదనపు ఫైళ్లుండేది) అని రెండు ఫోల్డర్లుంటాయి. వాటిలో ఆ యాప్ పేరు మీదున్నవీ దాంతోపాటే పోతాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు ఫైల్ మేనేజర్లలో అవి సరిగా తెరుచుకోవు కూడా, కంగారు పడకు. ఒక్క నొక్కుతో ఫోన్ శుభ్రం చేస్తామని చెప్పే క్లీనర్ యాప్‌లు కనిపిస్తే ముందు వాటినే తీసెయ్. గూగుల్ వాళ్ల ఫైల్స్ యాప్ ఒక్కటి చాలు. సగం ఫోన్లలో అసలు బరువు వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు, శుభోదయం బొమ్మలే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గరికి వెళ్తే 5 ఎంబీ దాటినవన్నీ విడిగా చూపిస్తుంది.

ఇక యాప్ పోయినా మిగిలేవి ఏమిటంటే, అది తన గది బయట, అందరూ వాడే చోట రాసిన ఫైళ్లు. డౌన్‌లోడ్స్‌లో ఉంటాయి, పిక్చర్స్‌లో ఉంటాయి. ఇంటర్నల్ స్టోరేజ్‌లో యాప్ పేరుతోనే ఒక ఫోల్డర్ ఉండిపోతుంది. పాత ఫోన్లలో ఇవి మరీ ఎక్కువ, అప్పట్లో అనుమతి ఒకసారి ఇస్తే యాప్ ఎక్కడ కావాలంటే అక్కడ ఫోల్డర్ పెట్టుకునేది. వాటిని చూడగానే చెత్త అనిపిస్తుంది. తెరిచి చూస్తే చాలావరకు ఆ మనిషి సొంత సామానే ఉంటుంది.

2022లో జరిగింది చెబుతాను, ఓపిగ్గా చదువు. అప్పుడు నేను తెనాలిలో ఒక రిపేరు కొట్లో పనిచేస్తున్నాను. ఆ ఏడాది మే నెలలో, కాల్స్ రికార్డు చేయడానికి యాక్సెసిబిలిటీ అనుమతిని (చూపు, వినికిడి ఇబ్బందులున్నవాళ్ల కోసం పెట్టినది) వాడకూడదని గూగుల్ ప్లే స్టోర్ నిబంధన తెచ్చింది. దాంతో చాలా రికార్డర్ యాప్‌లు ఉన్నట్టుండి పనికిరాకుండా పోయాయి. పనిచెయ్యనిది ఎందుకని జనం వాటిని తీసేశారు. మిషన్ కుట్టుకునే ఒకావిడ కూడా అలాగే తీసేసింది. తర్వాత స్టోరేజ్ ఫుల్ అని వస్తోందని ఫోన్ మా దగ్గరికి తెచ్చింది.

కొట్లో ఒక కుర్రాడు ఉండేవాడు. మంచివాడు, చెయ్యి చురుకు. ఫైల్ మేనేజర్ తెరిచాడు, ఆ రికార్డర్ పేరుతో పెద్ద ఫోల్డర్ కనిపించింది. యాప్ ఫోన్లో ఉందా అని చూశాడు, లేదు. ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టాడు. రెండు జీబీ దాకా ఖాళీ వచ్చిందని ఆవిడకి చూపించాడు కూడా. ఆవిడ సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లింది.

నాలుగైదు రోజులకి మళ్లీ వచ్చింది. తోడికోడలి తమ్ముడికి లక్షన్నర చేబదులు ఇచ్చిందట. నోటు రాయించుకోలేదు. అతను ఫోన్లో 'దసరాకి ఇచ్చేస్తాను అక్కా' అని ఒప్పుకున్నది మాత్రం రికార్డయి ఉంది. ఇప్పుడు అసలు తీసుకోలేదంటున్నాడట. 'ఆ మాటలే నా నోటు బాబూ, కాస్త వెతికిపెట్టండి' అంది. మేం రికవరీ సాఫ్ట్‌వేర్లు పెట్టి రాత్రి దాకా చూశాం. ఆ ఫైల్ మేనేజర్‌కి ట్రాష్, అంటే తీసేసినవాటిని కొన్నాళ్లు దాచే చోటు, అంటూ లేదు. ఇప్పటి ఫోన్లలో మెమరీ అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే బయటివాళ్లు చదవలేని సంకేతాలుగా మారి ఉంటుంది, ఒకసారి పోయిన ఫైలును బయటి సాఫ్ట్‌వేర్ తీసుకురాలేదు. ఆవిడ తిట్టలేదు, అరవలేదు. స్టూలు మీద కూర్చుని 'పోనీలే బాబూ, నీకేం తెలుసు' అని ఆ కుర్రాడినే ఓదార్చింది. తర్వాత పెద్దమనుషుల్లో కూర్చోబెడితే అతను యాభై వేలకి ఒప్పుకున్నాడని తెలిసింది. మిగతా లక్ష ఆవిడ కుట్టిన జాకెట్ల డబ్బు.

ఆ కుర్రాడు చూడాల్సింది ఒక్కటే చూడలేదు, ఫోల్డర్ లోపల ఏముందో. నీకూ తొందర ఎక్కువ అమ్మలూ, అందుకే ఇంతగా చెబుతున్నాను. నీకు ఆరేళ్లప్పుడు మా ఇంటికొచ్చి, నేను ఏ ఫోన్ స్క్రూలు ఆ ఫోన్ పేరు రాసిన కాగితం మీద పెట్టుకుంటే, సర్దిపెడతానని అన్నీ తెచ్చి ఒకే గిన్నెలో పోశావు. పోసి ఎంత మురిపెంగా నా మొహంలోకి చూశావంటే ఒక్క మాట అనబుద్ధి కాలేదు. అప్పుడు అనాల్సింది ఇప్పుడంటున్నాను. పక్కన మనిషిని కూర్చోబెట్టుకో. ప్రతి ఫోల్డరూ ఆ మనిషి ముందే తెరువు. ఆడియో అయితే రెండు మూడు వినిపించు, తేదీలు చదివి చెప్పు. డౌన్‌లోడ్స్‌లో ప్రభుత్వ భూమి రికార్డుల సైటు మీభూమి నుంచి దించుకున్న 1-బి, అడంగల్ అనే పొలం కాగితాల కాపీలుంటాయి, ఆసుపత్రి రిపోర్టులుంటాయి. అనుమానం ఉన్నదాన్ని ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు, ఎక్కిందో లేదో తెరిచి చూసి అప్పుడు తియ్. గూగుల్ ఫైల్స్‌లో ట్రాష్‌కి పంపినవి 30 రోజులుంటాయి. ట్రాష్ ఖాళీ చేస్తేగాని జాగా రాదని అదే రోజు ఖాళీ చెయ్యకు. కనుమ వెళ్లాక చేసుకోమను.

గ్యాలరీ మాత్రం వాళ్ల చేతే తెరిపించు. పిన్ను, ఓటీపీ నువ్వు అడగొద్దు, వాళ్లే నొక్కాలి. ఊళ్లో రేపు ఎవరి ఖాతాలో పది రూపాయలు తగ్గినా మొదట నీ పేరే చెబుతారు. నా భయం అది కూడా.

ఇక ఫోన్ బయట మిగిలేవాటి సంగతి. యాప్ తీసేసినా దాని చందా ఆగదు. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే ప్రతి నెలా డబ్బు పోతూనే ఉంటుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోట, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల దగ్గర చూసి ఆపించు. అకౌంట్ కూడా కంపెనీ సర్వర్‌లో అలాగే ఉంటుంది, కాబట్టి ముందు యాప్‌లోనే అకౌంట్ డిలీట్ కొట్టించి తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి. గూగుల్ అకౌంటుతో లాగిన్ అయినవైతే, అకౌంట్ సెట్టింగ్స్‌లో ఏయే యాప్‌లకి అనుమతి ఉందో కనిపిస్తుంది, అక్కడ తీసెయ్యాలి.

లోన్ యాప్ కనిపిస్తే అక్కడ ఆగు. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌లవాళ్ల వసూలు వేధింపులకి ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, పోలీసులు అరెస్టులు కూడా చేశారు. లోన్ యాప్‌లు ఫోన్లోని కాంటాక్టులు, కాల్ లాగ్ ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో నిబంధన పెట్టింది. దొంగ యాప్‌లు దాన్ని లెక్కచెయ్యవు. అనుమతి ఇచ్చిన కాసేపటికే కాంటాక్టులన్నీ వాళ్ల దగ్గరికి వెళ్లిపోతాయి, ఆ తర్వాత యాప్ తీసేస్తే వాళ్లకేమీ నష్టం లేదు, మనకే ఆధారం పోతుంది. అందుకని ముందు అప్పు వివరాలు, కట్టిన డబ్బు, బెదిరింపు మెసేజ్‌లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీయించు. తర్వాత అనుమతులు తీసేసి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. ఫిర్యాదుకి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. ఇంట్లో ఎవరికీ చెప్పుకోకుండా నలిగిపోతున్నవాళ్లు నీ దగ్గర నోరు విప్పవచ్చు. వాళ్లని 'ఎందుకు తీసుకున్నారు' అని అడగొద్దు తల్లీ.

నా దగ్గరున్న 64 జీబీ పెన్‌డ్రైవ్, దాన్ని ఫోన్‌కి తగిలించే ఓటీజీ పిన్ను అక్కయ్యతో పంపిస్తున్నాను. రోజుకి నాలుగైదు ఫోన్లకి మించి పెట్టుకోకు, మిగతావాళ్లని రేపు రమ్మను. లోన్ యాప్ వ్యవహారం ఎదురైతే మాత్రం ఏ రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్, నేను బండేసుకుని వచ్చేస్తాను.

మీ మావయ్య